గాలి తూకానికి సర్కారు ముద్ర

మన పెద్దవాళ్ళు కన్నడ దేశానికీ, అరవ దేశానికీ, ఒరియా దేశానికీ, మహారాష్ట్రానికీ కాపురాలు వచ్చినప్పుడు దేవుని పటాలతోనూ, రోకలి తిరగళ్ళతోనూ పాటు మానికా, తవ్వా, సోలా కూడా మూటగట్టుకొని తెచ్చుకున్నారు. వచ్చిన తరువాతగాని తెలియలేదు, ఇంటి మానిక వేరు, ఊరి మానిక వేరని. ఒక ఊళ్ళో శేరంటే ఒక బరువు, పక్క జిల్లాలో శేరంటే మరొక బరువు. అత్తగారి కొలతకూ కొట్టువాని కొలతకూ పొంతన కుదరక ఎన్ని ఇళ్ళలో ఎన్ని మాటలు వచ్చాయో చెప్పనక్కరలేదు.

ఈ తగవు తీర్చడానికే 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాము వాడకం అంచెలంచెలుగా మొదలయింది. అప్పటి నుంచీ కొట్లోని రాయి చూడడానికి ఎంత నున్నగా ఉన్నా, దాని మీద ఇన్‌స్పెక్టరు వేసిన ముద్ర ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ముద్ర లేని రాయి బరువు సరిగ్గానే ఉండవచ్చు. గాని తగవు వచ్చిననాడు నలుగురిలో అది నిలవదు.

బియ్యానికీ బెల్లానికీ ఇంత జాగ్రత్త పడ్డాం, బాగానే ఉన్నది. మరి మనిషి రోజుకు పది ఘనమీటర్లకు పైగా పీల్చే గాలి సంగతేమిటి? అది మంచిదో చెడ్డదో తూచి చెప్పే రాయికి ముద్ర ఎవరు వేస్తారు? ఈ మాసం మన ముచ్చట అదే.

ఒక సోదరి ప్రశ్న

బెంగుళూరులో కాపురముంటున్న ఒక సోదరి ఇలా వ్రాశారు: “మా రెండోవాడికి ఉబ్బసం. పక్కవాటావారు కొనుక్కున్న చిన్న పెట్టె గాలి 60 అంటుంది. నాలుగు రోడ్ల కూడలిలో పెట్టిన బోర్డు 100 అంటుంది. మా వారి ఫోనులో 154 అని వస్తుంది. వీధి ఒకటే, రోజు ఒకటే. వీళ్ళలో అబద్ధమాడుతున్నది ఎవరు? పిల్లవాణ్ణి ఆటకు పంపమంటారా, వద్దంటారా?”

చిత్రమేమంటే, ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అదెలాగో కొంచెం ముందుకు వెళ్ళాక విప్పుకుందాం. అంతకు ముందు గాలిని తూచడమంటే ఏమిటో తెలియాలి. అది తెలియకపోతే విప్పినా ముడి విడినట్టుండదు.

ధూళిని తూచడం

ఇక్కడ ధూళి అంటే మనం చీపురుతో ఊడ్చే దుమ్ము కాదు. అందులో చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా చొరబడేది 2.5 మైక్రాన్లకన్న సన్నని ధూళి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకన్న సన్నని కణమన్నమాట. బండ్ల పొగ, కట్టెల పొగ, బొగ్గు పొగ, చెత్త తగలబెట్టిన పొగ, వీటిలో ఉండేది ఎక్కువగా ఇదే. 10 మైక్రాన్ల వరకు ఉండే ధూళికి లెక్క వేరే కడతారు. రోడ్డు దుమ్మూ, ఇళ్ళు కట్టేచోట లేచే దుమ్మూ అందులో ఎక్కువ.

దీన్ని తూచే మూలపద్ధతి వినడానికి సులభమే. ఒక యంత్రం గాలిని పీలుస్తుంది. లావు కణాలు దారిలోనే విడిపోయేటట్టు దాని మూతిని అమరుస్తారు. సన్నవి మాత్రం లోపలికి పోయి వడపోత బిళ్ళ మీద పడతాయి. బిళ్ళను ముందొకసారి, తరువాత ఒకసారి తూచి, వచ్చిన తేడాను పీల్చిన గాలి పరిమాణంతో భాగిస్తారు. ఘనమీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాముల ధూళి అని లెక్క తేలుతుంది.

కష్టమంతా చేయడంలోనే ఉన్నది. 1997లో అమెరికా ప్రభుత్వం ఆమోదించిన పద్ధతి ప్రకారం యంత్రం నిమిషానికి 16.67 లీటర్ల గాలిని పీల్చాలి. 24 గంటలకు అది 24 ఘనమీటర్లవుతుంది. మన దేశంలో ఈ సన్నధూళికి పెట్టిన 24 గంటల హద్దు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. సరిగ్గా హద్దు మీద ఉన్న గాలిని రోజల్లా పీలిస్తే బిళ్ళ మీద చేరే ధూళి 1,440 మైక్రోగ్రాములు, అనగా ఒకటిన్నర మిల్లీగ్రాముకు కొంచెం తక్కువ. ఒక బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే, గింజలో పద్నాలుగో వంతు! ఆ పిసరు ధూళి మీద ఒక పట్టణపు పరువూ, ఎందరో పిల్లల ఊపిరీ ఆధారపడి ఉన్నాయి.

ముసురు పట్టిన రోజున అప్పడాలు మెత్తబడడం ఆడవాళ్ళందరికీ తెలుసు. గాలిలోని చెమ్మను పీల్చుకొని అవి బరువెక్కుతాయి. వడపోత బిళ్ళ సంగతీ, దాని మీది ధూళి సంగతీ అంతే. అందుకని తూచే ముందు బిళ్ళను 20 నుంచి 23 డిగ్రీల వేడిలో, నూటికి 30 నుంచి 40 పాళ్ళ తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచి తీరాలని ఆ పద్ధతిలో వ్రాసిపెట్టారు. బిళ్ళ ఏ సరుకుతో చేయాలి, ఎంత వెడల్పుండాలి, ఎన్నాళ్ళ లోపల తూచాలి, అన్నీ వ్రాసి ఉన్నాయి. ఆవకాయకు కాయ మంచిదైతే చాలదు గదా! కారమెంత, ఉప్పెంత, ఆవపిండి ఎంత, నూనె ఎప్పుడు పొయ్యాలి, జాడీకి తడి తగలకుండా ఎలా చూడాలి, ఇవన్నీ కలిస్తేనే ఆవకాయ. అలాగే ప్రభుత్వం ఆమోదించేది వట్టి యంత్రాన్ని కాదు. మొదటి నుంచి చివరిదాకా నడిచే పద్ధతిని.

ఇందులో ఇంకొక సూక్ష్మమున్నది. విషవాయువులను కొలిచే యంత్రం సరిగ్గా ఉన్నదా లేదా చూడాలంటే, ఇంత పాలు వాయువు ఉన్నదని ముందే తెలిసిన సిలిండరు తెచ్చి దానికి పట్టించవచ్చు. ధూళికి అటువంటి సిలిండరు లేదు. ఊరి ధూళిని ఉన్నదున్నట్టు సీసాలో పట్టి దాచడం ఎవరి తరమూ కాదు. కనుక ఒక పద్ధతిని మూలపద్ధతిగా ఎంచుకొని, అది ఎంత చెబితే అంతే ధూళి అనుకోవడం తప్ప గత్యంతరం లేదు. తక్కిన యంత్రాలన్నీ దానితో పోల్చి సరిచూసుకోవలసినవే. మూలమానిక చేతిలో ఉన్నవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికాలో మూలమానిక తప్పింది

మూలమానికే తప్పితే ఏమవుతుంది? అది కూడా జరిగింది.

అమెరికాలో 1970లో కొత్త గాలి చట్టం వచ్చింది. ఆ ఏడు డిసెంబరులో పర్యావరణ రక్షణ శాఖ వెలసింది. ఆ శాఖవారు 1971 ఏప్రిల్ 30న దేశమంతటికీ గాలి హద్దులు ప్రకటించారు. ఒక్కొక్క హద్దుకూ ఒక్కొక్క కొలిచే పద్ధతిని జతచేశారు. నైట్రోజన్ డయాక్సైడు అనే వాయువుకు ఏడాది సగటు హద్దు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. మోటారు బండ్ల నుంచీ, బాయిలర్ల నుంచీ వచ్చే వాయువిది. దాన్ని కొలవడానికి జేకబ్స్, హాక్‌హైసర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1958లో ప్రచురించిన పద్ధతిని తీసుకున్నారు. గాలిని కాస్టిక్ సోడా నీళ్ళలో బుడగలుగా పోనిచ్చి, నీళ్ళలో చిక్కిన దానికి రంగు తెప్పించి, ఆ రంగు చిక్కదనాన్నిబట్టి లెక్క కట్టడం ఆ పద్ధతి.

గాలిలోని వాయువంతా నీళ్ళలో చిక్కదు. నూటికి 35 పాళ్ళు చిక్కుతుందని లెక్కలో కలిపారు. చిక్కు అక్కడే వచ్చింది. పరీక్షించి చూడగా ఆ పాలు నిలకడగా లేదు. గాలిలో వాయువు తక్కువగా ఉన్ననాడు ఎక్కువ పాలు చిక్కుతున్నది, ఎక్కువగా ఉన్ననాడు తక్కువ పాలు చిక్కుతున్నది. పైగా నైట్రిక్ ఆక్సైడు అనే దాయాది వాయువు మధ్యలో దూరి లెక్కను చెడగొడుతున్నది. దీనివల్ల కొంత శుభ్రంగా ఉన్న ఊరి గాలి చెడ్డదిగా కనిపిస్తుంది, బాగా చెడిన ఊరి గాలి అంత చెడ్డదిగా కనిపించదు. ఆ లెక్కలను నమ్మి చాలా ప్రాంతాలను ‘ముందుగా బాగుచేయవలసినవి’ అన్న వరుసలో చేర్చారు. తరువాత వాటిలో అనేకం దించవలసి వచ్చింది.

1973లో ఆ పద్ధతికి ఇచ్చిన ఆమోదాన్ని ఉపసంహరించారు. 1976 డిసెంబరులో దాని స్థానంలో మరొక దాన్ని నిలబెట్టారు. నైట్రిక్ ఆక్సైడు ఓజోనుతో కలిసినప్పుడు మిణుకుమిణుకుమనే వెలుగు పుడుతుంది. యంత్రం ఆ వెలుగును కొలుస్తుంది. నైట్రోజన్ డయాక్సైడును ముందు నైట్రిక్ ఆక్సైడుగా మార్చి, మార్చక ముందూ మార్చిన తరువాతా వచ్చిన వెలుగుల తేడాను చూస్తే లెక్క తేలుతుంది.

గమనించండి, ఆ మధ్య ఏళ్ళలో చట్టం ఉన్నది, 100 మైక్రోగ్రాముల హద్దూ ఉన్నది. హద్దు మీరారా లేదా అని చెప్పగల రాయి మాత్రం లేదు.

ఒకసారి చెయ్యి కాలిన తరువాత జాగ్రత్త వచ్చింది. పద్ధతులను పరీక్షించి ఆమోదించడం ఎలాగో 1975లో ప్రత్యేకంగా నిబంధనలు వ్రాశారు. వాటి ప్రకారం ‘మూలపద్ధతి’ అని ఒకటి, ‘సమానమైన పద్ధతి’ అని ఒకటి రెండు తెగలు. కొత్త యంత్రం చేసిన కంపెనీవారు దాన్ని మూలపద్ధతి పక్కన పెట్టి, ఒకే గాలిని రెండింటికీ పట్టించి, లెక్కలు కలుస్తున్నవని చూపాలి. వాయుయంత్రమైతే ఇంకా పరీక్షలున్నాయి. గాలిలో ఆ వాయువు లేనినాడు సున్న దగ్గర నిలుస్తున్నదా? రోజులు గడిచినకొద్దీ ముల్లు జరిగిపోతున్నదా? వేరే వాయువును చూసి భ్రమపడుతున్నదా? గాలి మారిన ఎంతసేపటికి కనిపెడుతున్నది? దరఖాస్తు అందిన 120 రోజులలో శాఖవారు దాన్ని పరిశీలించి తమ మాట చెప్పాలి. ఆమోదించిన యంత్రానికి నంబరు ఇచ్చి గెజెట్టులో ప్రకటిస్తారు. ఆ ప్రకటనలో చెప్పిన అమరికతో నడిపితేనే ఆమోదం చెల్లుతుంది. ముద్ర ఉన్న యంత్రమే అయినా అమరిక మార్చి నడిపితే ముద్ర పోయినట్టే.

రోజుకొక బిళ్ళ మార్చి తూచే పని లేకుండా, గంటగంటకూ సన్నధూళిని తానే కొలిచే బీటా కిరణాల యంత్రమున్నది. టేపు మీద ధూళి పడుతుంది, ఒక పక్కనుంచి కిరణాలు వస్తాయి, ధూళి ఎక్కువైనకొద్దీ ఆవలి పక్కకు చేరే కిరణాలు తగ్గుతాయి. మూలపద్ధతి 1997లో వస్తే, ఈ తరహా యంత్రం సన్నధూళికి సమానమైనదని అక్కడ ముద్ర వేయించుకున్నది 2008లో. పదేళ్ళకు పైగా పట్టింది. వేర్వేరు ప్రాంతాలలో, వేర్వేరు ఋతువులలో మూలపద్ధతితో సరితూగిందని చూపాలి మరి.

మన గెజెట్టులోని మాట

ఇక మన దేశానికి వద్దాం. గాలి కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. గాలి హద్దులను మొదట 1982లో, తరువాత 1994లో, మళ్ళీ 2009 నవంబరు 18న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు ప్రకటించారు. 2009 నాటి ప్రకటనలో 12 పదార్థాలున్నాయి. ఒక్కొక్క దాని ఎదుటా రెండు సంగతులు అచ్చువేశారు: హద్దు ఎంత, కొలిచే పద్ధతి ఏది. సన్నధూళికి 24 గంటల హద్దు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు హద్దు 40. పద్ధతులు మూడు: బిళ్ళను తూచేది, బీటా కిరణాలది, బరువునుబట్టి ఊగే తీరు మారే సన్నని గొట్టంతో తూచేది.

సల్ఫర్ డయాక్సైడుకు ఇచ్చిన పద్ధతులలో ఒకటి వెస్ట్, గేకే అనే ఇద్దరు 1956లో ప్రకటించినది, కొంత మెరుగుపరచినది. మన తూనికల చట్టమూ ఆ పద్ధతీ ఒక ఈడువన్నమాట. నైట్రోజన్ డయాక్సైడు ఎదుట చూస్తే మళ్ళీ జేకబ్స్, హాక్‌హైసర్ పేర్లే కనిపిస్తాయి. అమెరికాలో ఆమోదం పోగొట్టుకున్న పద్ధతి ఇక్కడికెలా వచ్చిందని కంగారు పడనక్కరలేదు. ఇది మరమ్మతు చేసినది. కాస్టిక్ సోడా నీళ్ళలో సోడియం ఆర్సెనైటు కలిపితే వాయువు చిక్కే పాలు నిలకడగా ఉంటుందని తేలింది. మన మండలివారి లెక్కలో దాన్ని నూటికి 82గా తీసుకుంటారు. తప్పు ఎక్కడున్నదో కనిపెట్టి దిద్దుకుంటే పాతది పనికి రాకపోదు. కాకపోతే ఆ నీళ్ళు సేంద్రియం కావు సుమా! ఒకదానిలో పాషాణపు లవణం, మరొకదానిలో పాదరసపు లవణం. విషాన్ని పట్టడానికి విషమే కావలసి వచ్చింది. ఆ సీసాలు కడిగే లేబరేటరీ ఉద్యోగులు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

మనుషులు వెళ్ళి నడిపే కేంద్రాలలో వారానికి రెండు రోజులు, రోజుకు 24 గంటల చొప్పున గాలిని పడతారు. వాయువులకు నాలుగేసి గంటలకొక మారు, ధూళికి ఎనిమిదేసి గంటలకొక మారు మార్చాలి. అంటే అర్ధరాత్రి కూడా ఎవరో మేడ మీదికి వెళ్ళి సీసాలు మార్చి రావాలి. అలా ఏడాదికి కనీసం 104 రోజుల లెక్క ఉంటేనే ఏడాది సగటు కట్టాలని ఆ ప్రకటనలోనే ఉన్నది. 24 గంటల హద్దును ఏడాదిలో నూటికి 98 పాళ్ళు పాటించాలి. మిగిలిన రెండు పాళ్ళు మీరవచ్చు గాని వరసగా రెండు రోజులు మీరకూడదు.

తమంతట తామే గంటగంటకూ చెప్పే యంత్రాలు వచ్చిన తరువాత ఒక ఇబ్బంది వచ్చింది. వాటిలో చాలావరకు విదేశాలవి. అమెరికా ముద్రో, జర్మనీ ముద్రో, ఇంగ్లాండు ముద్రో ఉన్నవే కొనేవారు. అక్కడి చలిలో, అక్కడి పలచని ధూళిలో పరీక్ష నెగ్గిన యంత్రం మన మే నెల ఎండలో, మన దుమ్ములో, సముద్రతీరపు ఉక్కలో అలాగే నడుస్తుందని ఎలా నమ్మడం? అందుచేత 2019 ఆగస్టులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలను గాలి యంత్రాలు పరీక్షించి ధ్రువపరిచే సంస్థగా నియమించింది.

ఆ ప్రయోగశాల ఏదనుకున్నారు? 1947 జనవరిలో నెహ్రూగారు పునాదిరాయి వేసినది, 1950 జనవరిలో సర్దార్ పటేల్‌గారు ప్రారంభించినది, కె. యస్. కృష్ణన్‌గారు తొలి డైరెక్టరుగా పనిచేసినది. మన దేశపు మూల కిలోగ్రాము, 57వ నంబరుది, భద్రపరచింది అక్కడే. దేశంలోని బియ్యపు రాళ్ళన్నిటికీ తాతవంటి రాయి ఉన్న ఇంటికే గాలి తూకం పరీక్షనూ అప్పగించారు. ఇది సబబైన పని అనిపిస్తుంది.

ముద్ర ఉంటే చాలునా?

చాలదు. పూర్వం సంతలో కొందరు తక్కెడ తట్ట కింద చింతపండు అంటించేవారట. రాయి మంచిదే, ముద్రా మంచిదే, తూకం మాత్రం దొంగది. గాలి యంత్రం పక్కనే నీళ్ళు చల్లితే అంకె తగ్గుతుంది గాని ఊరి ధూళి తగ్గదు. చెట్ల గుబురులో పెట్టినా, గోడ చాటున పెట్టినా ఇంతే. యంత్రం మూతి నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తున ఉండాలనీ, చుట్టూ ఆరుబయలుగా ఉండాలనీ నియమాలు పెట్టింది ఇందుకే.

ఇప్పుడీ అంకెల మీద డబ్బు కూడా ఆధారపడుతున్నది. 2019 జనవరిలో జాతీయ శుభ్రగాలి కార్యక్రమం ప్రారంభమయింది. దాని కిందికి వచ్చిన 131 పట్టణాలలో మనవాళ్ళు తరతరాలుగా ఉంటున్న బెంగుళూరు, మద్రాసు, సోలాపురం ఉన్నాయి. మన చుట్టాలున్న విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదులూ ఉన్నాయి. పది లక్షలు దాటిన పట్టణాలకు పదిహేనవ ఫైనాన్సు కమిషను ఇప్పించిన గ్రాంటులో కొంత, గాలి బాగుపడినదాన్నిబట్టి ఇచ్చేటట్టు ఏర్పాటు చేశారు. రాయి తప్పయితే, బాగుపడని ఊరికి బహుమానమూ, పాటుపడిన ఊరికి మొండిచెయ్యీ దక్కుతాయి.

కోర్టులోనూ అంతే. ఫ్యాక్టరీ గొట్టంలోని పొగను సాక్ష్యంగా చూపాలంటే, ముందుగా యజమానికి నోటీసు ఇచ్చి, విధి ప్రకారం పట్టి, సీలువేసి, గుర్తింపు ఉన్న లేబరేటరీకి పంపాలని 1981 చట్టం 26వ సెక్షను చెబుతుంది. ఆ విధి తప్పితే ఎంత నల్లని పొగ అయినా సాక్ష్యం కింద చెల్లదు.

ముడి విప్పుదాం

ఇక మన సోదరి ప్రశ్న. పక్కింటి పెట్టె చెప్పిన 60, ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. అది తూకం. కూడలి బోర్డు చెప్పిన 100 తూకం కాదు, 2015లో మన దేశంలో అమలులోకి వచ్చిన గాలి సూచిక. సన్నధూళి 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములుంటే మన సూచికలో 100 అని వేస్తారు. అమెరికావారి సూచిక మెట్లు వేరు. అదే 60 మైక్రోగ్రాములకు వాళ్ళ సూచికలో 154 వస్తుంది. కొన్ని ఫోనులలో వచ్చేది ఆ అమెరికా సూచికే. శేరు ఒకటే, మానికలు మూడు! మన సూచికలో 100 ‘సంతృప్తికరం’ అన్న మెట్టు. అమెరికావారికి 154 ‘అనారోగ్యకరం’ అన్న మెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల హద్దయితే 15 మైక్రోగ్రాములే. గాలి మారలేదు, గీత గీసిన చోటు మారింది.

అయితే ఆ చిన్న పెట్టె మాటను ఎంత నమ్మవచ్చు? అందులో ధూళిని తూచే ఏర్పాటే లేదు. ధూళి మీద పడి చెదిరిన వెలుగునుబట్టి ఊహకట్టే ఏర్పాటున్నది. పొగమంచు పట్టిన తెల్లవారుజామున కణాలు చెమ్మకు ఉబ్బి, ఉన్నదానికన్న ఎక్కువ చూపిస్తుంది. ఒక్కొక్క పెట్టెదీ ఒక్కొక్క తీరు. అంతమాత్రాన పారవేయనక్కరలేదు. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఎంత, వీధి చివర ఆకులు తగలబెట్టినప్పుడు ఎంత పెరిగింది, కిటికీ మూస్తే ఎంత తగ్గింది, ఇవి తెలుసుకోవడానికి అక్కరకు వస్తుంది. వంటింట్లో గుప్పెడుతో ఉప్పు వేసే అమ్మ చెయ్యి తప్పదు గాని, గుప్పెడు కొలతతో కొట్లో బేరం కుదరదు గదా.

పిల్లవాణ్ణి ఆటకు పంపడం గురించి నా మనవి: మన బోర్డు 100 చూపినప్పుడు కూడా ఉబ్బసం ఉన్నవారికి కొంచెం ఆయాసం రావచ్చునని ఆ సూచికలోనే వ్రాసి ఉన్నది. కనుక పీల్చే మందు దగ్గర పెట్టి పంపండి. అంకె అంతకు పైకి పోయినకొద్దీ ఆయాసం తెచ్చే పరుగుల ఆటలు తగ్గించండి. బండ్ల రద్దీ వేళ రోడ్డు పక్కన ఆడనివ్వకండి. అన్నిటికన్న ముఖ్యం, వాణ్ణి చూస్తున్న డాక్టరుగారి మాట. పెట్టె 20 చూపినా పిల్లవాడికి ఎగశ్వాస వస్తుంటే నమ్మవలసింది పిల్లవాడినే.

అడగవలసిన మూడు మాటలు

ఇకమీదట ఎవరైనా గాలి అంకె చెప్పినప్పుడు మూడు మాటలు అడగండి. ఇది మైక్రోగ్రాములా, సూచికా, సూచికయితే ఏ దేశానిది? ఇది ఈ నిమిషపు లెక్కా, 24 గంటల సగటా? దీన్ని చెప్పిన యంత్రం ఎక్కడున్నది, దాని పద్ధతికి ఆమోదం ఉన్నదా? ఈ మూడూ తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. ఫ్యాక్టరీ పొగ మీద నలుగురూ కలిసి మండలికి అర్జీ పెట్టుకునేటప్పుడు, పెట్టె చూపిన అంకెతో పాటు దగ్గరలోని ప్రభుత్వ కేంద్రపు అంకెనూ, తేదీనీ, వేళనూ వ్రాయండి. మీ మాటకు అప్పుడు బరువుంటుంది.

మన పిల్లలకు సెలవుల్లో ఒక పని కూడా చెప్పవచ్చు. కేంద్ర మండలివారు ఆయా కేంద్రాల లెక్కలు రోజూ అందరికీ కనిపించేటట్టు పెడుతున్నారు. మీ ఊరికి దగ్గర కేంద్రాన్ని ఒకదాన్ని ఎంచుకొని, వారానికి రెండు రోజులు, సోమవారమనీ గురువారమనీ పెట్టుకొని, 24 గంటల సగటును ఒక నోటుపుస్తకంలో ఎక్కించమనండి. పక్కనే ఎండా, వానా, పండుగా, పెళ్ళి ఊరేగింపా, ఆనాటి విశేషం వ్రాయమనండి. ఏడాది తిరిగేసరికి గెజెట్టు అడిగిన 104 లెక్కలూ వాళ్ళ చేతిలో ఉంటాయి. దీపావళి వారం ఏమయిందో, తొలకరి వాన పడ్డాక ఏమయిందో వాళ్ళే మనకు చెబుతారు. అటువంటి పుస్తకాలు ఎవరైనా పంపితే, ఊళ్ళవారీగా వాటిలోని సంగతులు ఈ శీర్షికలోనే ముచ్చటించుకోవచ్చు.